కాంగ్ యాత్సే-2: నెమ్మదిగా ఎక్కిన కొండ

ఆగస్టులో కాంగ్ యాత్సే-2 ఎక్కడానికి లద్దాఖ్ వెళ్తున్నానని చెప్పగానే మా బ్యాంకులో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: "మేడమ్, తాళ్లు పట్టుకుని వేలాడాలా?" అమ్మ అడిగింది వేరు. "గుట్ట ఎక్కితే పైన గుడన్న ఉండాలె గద బిడ్డా, అక్కడేమున్నది?" తాళ్లు ఉన్నమాట నిజమే, కానీ అవి ఆఖరి రాత్రి సంగతి. అంతకుముందు రోజులన్నీ ఒంటిని ఎత్తుకు అలవాటు చేయడానికే పోతాయి. ఆ పని సరిగ్గా జరిగితే నలభై దాటి, రోజంతా కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసుకునే నాలాంటి మనిషి కూడా ఆరు వేల మీటర్లు దాటగలదు. జరగకపోతే ఎంత ఉక్కులాంటి కుర్రాడైనా సగంలోనే దిగిపోవాలి. రెండూ నా కళ్లతో చూశాను కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

కాంగ్ యాత్సే లద్దాఖ్‌లో మార్ఖా లోయ ఎగువన, హెమిస్ నేషనల్ పార్కులో ఉంది. దానికి రెండు శిఖరాలున్నాయి. మొదటిది సుమారు 6,400 మీటర్లు. కత్తి అంచు లాంటి గట్టు మీదుగా వెళ్లాలి, మంచుకొండల్లో బాగా ఆరితేరినవాళ్లకే. రెండోది 6,250 మీటర్లు. వాలుగా, పొడుగ్గా మంచు పరుచుకుని ఉంటుంది. మంచి గైడ్ ఉండి, ఇంతకుముందు ఒకటి రెండు పెద్ద ట్రెక్కులు చేసిన అనుభవం ఉంటే దీన్ని ప్రయత్నించవచ్చు. ఒకప్పుడు ఆరు వేల మీటర్ల కల ఉన్నవాళ్లంతా లేహ్ నుంచి కనిపించే స్టోక్ కాంగ్రీకి (6,153 మీటర్లు) వెళ్లేవాళ్లు. 2020లో దాన్ని మూసేశారు. స్టోక్ ఊరి తాగునీళ్లూ సాగునీళ్లూ ఆ కొండ మంచు నుంచే రావాలి. ఏటా వేలమంది అక్కడే మకాం పెట్టి, అక్కడే మలమూత్రాలకు పోయి, చెత్త పడేసి వస్తుంటే ఊరివాళ్లు ఎన్నాళ్లని ఊరుకుంటారు? వాళ్లు చేసింది నూటికి నూరుపాళ్లు న్యాయం. ఆ రద్దీలో కొంత ఇప్పుడు కాంగ్ యాత్సే వైపు మళ్లింది. ఆ విషయానికి మళ్లీ వస్తాను.

తయారీ హనుమకొండలోనే మొదలైంది. తెల్లవారుజామున భద్రకాళి చెరువు కట్ట మీద నడక, వారానికి మూడు సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ మెట్లు. వీపున బ్యాగు, అందులో నీళ్ల సీసాలు. పైకి ఎక్కాక నీళ్లు పారబోసి ఖాళీ బ్యాగుతో దిగేదాన్ని. అలా అయితే మోకాళ్ల మీద భారం పడదు. తిరుపతి వెళ్లినప్పుడు అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను. కాళ్లు ఎంతవరకు వచ్చాయో తెలుసుకోవడానికి మనవాళ్లకు అంతకన్నా మంచి పరీక్ష లేదు. ఎక్కడమే కాదు, మర్నాడు కాలినడకనే దిగండి. కొండల్లో తొడలు పట్టేసేది దిగేటప్పుడే.

కొన్ని ఆదివారాలు భువనగిరి వెళ్లాను. ఏకశిల మీదున్న ఆ కోట చాలామంది చూసే ఉంటారు. రాతి ఎక్కడం నేర్పే బడి అక్కడే ఉంది. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ బండ మీదే. 2014 మే 25న ఇద్దరూ టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. గురుకులంలో చదివే పిల్ల అక్కడ మొదలుపెట్టి అంత దూరం వెళ్లిందన్న సంగతి ఆ బండ మీద చెయ్యి ఆనించినప్పుడల్లా గుర్తొచ్చేది. నడుముకు హార్నెస్ అనే పట్టీ కట్టుకోవడం, ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేయడం, తాడు తగిలించే కారబీనర్ కొక్కెం తాళం తిప్పడం నాకు అక్కడే అలవాటయ్యాయి. మంచులో మందపాటి గ్లవ్స్‌తో చేయాల్సిన పని అది. వేళ్లకు ముందే వచ్చి ఉండాలి.

అయితే ఎంత నడిచినా, ఎన్ని మెట్లెక్కినా ఎత్తుకు మాత్రం మన దగ్గర సాధన లేదు. తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికన్నా ఎత్తయిన కొండ కూడా 1,700 మీటర్లకు మించదు. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వాంతులు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతాయి. పైన గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు. తగ్గేది గాలి ఒత్తిడి. సుమారు 5,500 మీటర్ల దగ్గర ఆ ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగమే. అంటే ఒక్కో ఊపిరికి లోపలికి వెళ్లే ఆక్సిజన్ కూడా సగమే. ఒళ్లు దీనికి సర్దుకుంటుంది, కాకపోతే తన తీరిక మీద. మొదట ఊపిరి వేగం పెంచుతుంది, తర్వాత రక్తాన్ని సరిచేసుకుంటుంది. ఈ పనికి రోజులు పడతాయి. మన సెలవులు ఎన్ని ఉన్నాయో దానికి తెలియదు.

వెళ్లేముందు డాక్టరుగారు బీపీ, ఈసీజీ చూశారు, రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ పదిన్నర దగ్గర ఉందని తేలింది. మూడు నెలలు ఐరన్ మాత్రలు వేసుకుని, పన్నెండు దాటాకే టికెట్లు తీసుకున్నాను. ఆడవాళ్లు ఈ పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. మనలో చాలామందికి రక్తం తక్కువ. ఆక్సిజన్ మోసేదే హిమోగ్లోబిన్ అయినప్పుడు అది తక్కువ పెట్టుకుని కొండెక్కడంలో అర్థం లేదు. డయామాక్స్ గురించి కూడా అప్పుడే అడిగాను. సల్ఫా మందులు పడనివాళ్లు దాని జోలికి పోకూడదని చెప్పి, నాకు మోతాదు రాసిచ్చారు. వేసుకున్నన్నాళ్లు వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వచ్చింది. అది ఒళ్లు అలవాటుపడటాన్ని త్వరపెట్టే మందు. అది వేసుకున్నాం కదా అని తొందరగా ఎక్కేస్తే మాత్రం కాపాడదు.

ఏజెన్సీలతో మాట్లాడినప్పుడు నా ప్రశ్నలన్నీ రోజుల గురించే. ఒకాయన ఫోన్‌లో చాలా ఉత్సాహంగా, "వారంలో శిఖరం ఎక్కించి మళ్లీ ఫ్లైట్ ఎక్కిస్తాం మేడమ్" అన్నాడు. అక్కడితో ఆ మాటలు ముగించాను. హైదరాబాద్ ఐదారు వందల మీటర్ల ఎత్తులో ఉంటుంది. విమానం పొద్దున్నే 3,500 మీటర్ల లేహ్‌లో దించేస్తుంది. వైద్యులు చెప్పే లెక్క ప్రకారం మూడు వేల మీటర్లు దాటాక, ముందురోజు పడుకున్న చోటికీ ఈ రోజు పడుకునే చోటికీ ఐదు వందల మీటర్లకన్నా ఎక్కువ తేడా ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకచోటే ఆగాలి. ఈ లెక్కకు దగ్గరగా ఉన్న ప్లాన్ ఇచ్చినవాళ్లనే ఎంచుకున్నాను. డబ్బు ఎక్కువైంది. ఆ డబ్బుకు వచ్చింది ఖాళీగా కూర్చునే రోజులే, నాకు కావాల్సిందీ అవే.

లేహ్‌లో దిగాక రెండు రోజులు అక్షరాలా ఏమీ చేయలేదు. గెస్ట్‌హౌస్ మెట్లు ఎక్కితే గుండె దడదడలాడింది. వేలికి ఆక్సిమీటర్ పెట్టి చూస్తే రక్తంలో ఆక్సిజన్ 86 శాతం. మన ఊళ్లో ఆ అంకె కనిపిస్తే ఆస్పత్రికి పరుగెత్తుతాం. అక్కడ అది మామూలే. మరుసటి రోజుకు 89, ఆ తర్వాత 91. నీళ్లు, సూప్, నిద్ర. మూడో రోజు శాంతిస్తూపం దాకా నడిచి, బజారులో బూట్లు, మంచులో జారకుండా వాటి కింద కట్టుకునే ఇనప పళ్ల క్రాంపాన్లు అద్దెకు తీసుకున్నాం. బూట్లు మందం సాక్స్ రెండు జతలు వేసుకునే చూసుకోవాలి. కొట్టులో ఉన్న వాలుబల్ల మీద కిందివైపుకి నిలబడి, వేళ్లు ముందుకు తగలడం లేదని తేలేదాకా మా గైడ్ ఒప్పుకోలేదు. నాకు నాలుగు జతలు మార్పించాడు.

ఆయనకు యాభైకి దగ్గర ఉంటాయి. లద్దాఖీలో అన్నను పిలిచినట్టు అందరం "అచో-లే" అనేవాళ్లం. ఆయన నన్ను "దీదీ" అనేవాడు. మాటలు తక్కువ. రోజూ సాయంత్రం అందరి వేళ్లకూ ఆక్సిమీటర్ పెట్టి, అంకెలు చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆ తర్వాత మూడు ప్రశ్నలు: తల నొప్పిగా ఉందా, ఎంత తిన్నావు, నిద్ర ఎలా పట్టింది? అంకె కన్నా ఈ జవాబులే తనకు ముఖ్యమనేవాడు.

నడక స్క్యూ ఊరి దగ్గర మొదలైంది. లేహ్ నుంచి సింధు వెంట వెళ్తే నిమ్ము దగ్గర జంస్కార్ నది వచ్చి కలుస్తుంది. అక్కడ లోపలికి తిరిగి చిలింగ్ దాటితే స్క్యూ. దాని ఎత్తు దాదాపు లేహ్ అంతే. ఈ దారి నాకు నచ్చడానికి అదొక కారణం: నడక మొదలైనా ఎత్తు వెంటనే పెరగదు. అక్కణ్నుంచి మార్ఖా, హంకర్, తాచుంగ్‌ట్సే, నిమాలింగ్ అంటూ లోయ మెట్టు మెట్టుగా లేస్తుంది. రెండువైపులా ఊదా, పసుపు, ఎరుపు చారల మట్టికొండలు. మధ్యలో ఏటి పక్కన మాత్రమే పచ్చదనం. బార్లీ పొలాలు, విల్లో చెట్లు, నారింజ రంగు పండ్లతో నిండిన సీబక్‌థార్న్ ముళ్లపొదలు. లేహ్‌లో ఏడాది మొత్తానికి వానా మంచూ కలిపి పడేది వంద మిల్లీమీటర్ల చిల్లర. మా వరంగల్లో ఒక్కరోజు ముసురుకే అంత పడిన సందర్భాలున్నాయి. ఆ పొలాలకు వచ్చే ప్రతి చుక్కా పైనుంచి మంచు కరిగి రావాల్సిందే. పొలం గట్టు మీద చిన్న రాయి అడ్డం పెట్టి, తీసి, నీళ్ల వంతులు మార్చుకుంటున్న ముసలాయన్ని చూశాక స్టోక్ ఊరివాళ్ల నిర్ణయం ఇంకా బాగా అర్థమైంది.

మార్ఖాలో గుడారం వేయకుండా హోమ్‌స్టేలో దిగాం. లద్దాఖీ ఇంట్లో వంటగదే పెద్ద గది, అందరూ కూర్చునేదీ అక్కడే. గోడ పొడుగునా చెక్క అరల్లో రాగి, ఇత్తడి పాత్రలు వరసగా మెరుస్తుంటాయి. మధ్యలో ఇనప పొయ్యి. అందులోకి ఎండిన పిడకలు. ఇంటావిడను "అమా-లే" అని పిలిచాం. గోధుమపిండి ముద్ద చేసి, చిన్న ఉండలు తుంచి, ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కి గిన్నెలా చేస్తోంది. వాటిని కూరగాయల పులుసులో ఉడికిస్తారు. ఊరి పేరులాగే వినిపించే "స్క్యూ" అన్న వంటకం అది. నేనూ పక్కన కూర్చుని నొక్కడం మొదలుపెట్టాను. నావి మందంగా వస్తున్నాయని ఆవిడ చెయ్యి పట్టుకుని ఎంత బలంతో నొక్కాలో చూపించింది. మంచు మొహం చూడకముందే ఈ ప్రయాణం నాకు దక్కిందనిపించిన సాయంత్రం అది. ఇలాంటి ఇళ్లలో ఉంటే డబ్బు నేరుగా ఊరికి చేరుతుంది. గుడారాల బరువు తగ్గుతుంది, వేడి భోజనం దొరుకుతుంది. ఉండగలిగినన్ని రాత్రులు ఇళ్లలోనే ఉండమని నా సలహా.

తాచుంగ్‌ట్సే దాటాక రెండు చిన్న కొలనులు వస్తాయి, అక్కడ నుంచి కాంగ్ యాత్సే నిలువుగా ఎదురవుతుంది. ఆ పైన నిమాలింగ్: సుమారు 4,800 మీటర్ల ఎత్తులో విశాలమైన పచ్చిక మైదానం. వేసవిలో కింది ఊళ్ల వాళ్లు గొర్రెలు, మేకలు, యాకులు తోలుకొచ్చి రాతి గుడిసెల్లో ఉంటారు. ఉడత జాతికి చెందిన బొద్దు మార్మోట్లు బొరియల ముందు నిలబడి ఈలలు వేస్తుంటాయి. సాయంత్రం మందలు దిగివస్తుంటే మైదానమంతా గంటల చప్పుడు.

మా బృందంలో పుణె కుర్రాడొకడు ఉన్నాడు. వయసు ఇరవై ఏడు. మారథాన్లు పరుగెత్తుతాడు. దారి పొడుగునా అందరికన్నా గంట ముందు చేరి, మాకోసం రాళ్ల మీద కూర్చుని ఎదురుచూసేవాడు. మంచి పిల్లవాడు, అలసిపోయినవాళ్ల బ్యాగులు కూడా మోసేవాడు. నిమాలింగ్ చేరిన రోజు సాయంత్రం టీ తాగడానికి రాలేదు. అచో-లే గుడారం జిప్పు తీసి చూస్తే పడుకుని ఉన్నాడు. తల పగిలిపోతోందని, రెండుసార్లు వాంతి అయిందని చెప్పాడు. ఆక్సిజన్ 68. అచో-లే అతన్ని బయటికి తీసుకొచ్చి, నేల మీద కర్రతో గీత గీశాడు. "దీని మీద నడువు. మడమ వేలికి తగలాలి" అన్నాడు. మూడో అడుగుకు కుర్రాడు పక్కకు తూలాడు. మళ్లీ చేయించాడు. మళ్లీ తూలాడు.

నాకు అప్పటిదాకా పుస్తకాల్లో చదివిన విషయమే. ఎత్తు జబ్బు ముదిరితే మెదడులో వాపు మొదలవుతుంది, నడక అదుపు తప్పడం దాని గుర్తు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కూర్చున్నా ఆయాసం, దగ్గు. రెండింటిలో ఏదైనా ప్రాణం తీయగలదు. రెండింటికీ చేయాల్సిన మొదటి పని కిందికి దిగడం. అచో-లే ఎవరితోనూ చర్చించలేదు. డబ్బాలోంచి ఇంజెక్షన్ తీసి ఇచ్చాడు, ఆక్సిజన్ పెట్టాడు. గుర్రాలాయన అప్పటికే జీను కడుతున్నాడు. "పొద్దునకు తగ్గిపోతుంది, ఈ రాత్రి ఉండనివ్వండి" అని కుర్రాడు బతిమాలాడు. గొంతులో ఏడుపు ఉంది; నెలల తరబడి డబ్బు కూడబెట్టుకుని వచ్చాడు. అచో-లే అతని భుజం మీద చెయ్యి వేసి, "రాత్రి నువ్వు నిద్రపోతావు తమ్ముడూ, నేను నిన్ను లేపలేకపోతే?" అన్నాడు. చీకటి పడేలోపు సహాయక గైడ్‌తో గుర్రం మీద తాచుంగ్‌ట్సేకి దించేశారు. అక్కడా పూర్తిగా తేరుకోలేదని తెల్లవారాక ఇంకా కిందికి, హంకర్‌కు తీసుకెళ్లారు. ఆ సాయంత్రానికి అన్నం తిన్నాడని కబురొచ్చేదాకా మా ఎవరికీ ముద్ద దిగలేదు.

వేగంగా నడిచేవాళ్లకు ఈ జబ్బు రాదని చాలామంది నమ్ముతారు. ఫిట్‌నెస్‌కూ దీనికీ సంబంధం లేదు. నిజానికి గట్టివాళ్లకే ప్రమాదం ఒక పాలు ఎక్కువేమో అనిపిస్తుంది నాకు. కాళ్లు మోసుకుపోతాయి కాబట్టి, ఒళ్లు ఇస్తున్న సంకేతాలు ఆలస్యంగా వినపడతాయి.

నిమాలింగ్‌లో మా ప్లాన్‌లోనే రెండు రాత్రులున్నాయి. రెండో రోజు పగలు పక్కనున్న గట్టు మీదికి ఐదు వేల మీటర్లు దాటేదాకా నడిచి, అక్కడ అరగంట కూర్చుని, మళ్లీ కిందికే వచ్చి పడుకున్నాం. మొదటి రాత్రి నాకు నిద్రలో ఊపిరి ఆగినట్టయి, ఉలిక్కిపడి లేచి గాలి అందుకోవాల్సి వచ్చింది. చాలా భయమేసింది. ఎత్తులో ఇలా జరగడం మామూలేనని, నిద్రలో ఊపిరి లయ తప్పుతుందని పొద్దున అచో-లే చెప్పాడు. రెండో రాత్రి అంత లేదు. ఆక్సిజన్ 79 నుంచి 84కి వచ్చింది. ఒంటి లోపల ఏదో పని జరుగుతోందని కళ్లకు కనిపించిన సాక్ష్యం ఆ ఐదు అంకెలే.

బేస్ క్యాంప్ ఇంకో మూడు వందల మీటర్లు పైన, రాళ్ల మధ్య. అక్కడ ఒక పూటంతా మంచు పాఠాలు. క్రాంపాన్లు కట్టుకుని పాదాలు కాస్త ఎడంగా పెట్టి నడవడం, లేకపోతే ఒక కాలి పళ్లు రెండో కాలి ప్యాంటులో ఇరుక్కుంటాయి. ఐస్ యాక్స్, అంటే మంచు గొడ్డలి, ఎప్పుడూ కొండ వైపు చేతిలో. జారిపడితే పొట్ట మీదికి తిరిగి, యాక్స్ ముక్కును మంచులో దించి, మోకాళ్లు ఆనించి, పాదాలు పైకెత్తాలి. ఆ కంగారులో పాదాలు పైకెత్తడం ఎవరికీ తోచదు. క్రాంపాన్ మంచులో తగులుకుంటే మనిషి గిరికీలు కొడతాడు, చీలమండ విరుగుతుంది. అందుకే మళ్లీ మళ్లీ జారించి, మళ్లీ మళ్లీ చేయించాడు.

రాత్రి పదిన్నరకు లేపారు. గొంతులోకి ఏదీ దిగకపోయినా ఒక గిన్నె జావ తాగాను. నీళ్ల సీసాలు బ్యాగులో తలకిందులుగా పెట్టుకున్నాం. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. హెడ్‌ల్యాంప్ వెలుగులో ముందువాడి మడమలు తప్ప ఏమీ కనిపించవు. రెండు మూడు గంటలు వదులు రాళ్ల మీద నడక. అక్కడ మంచు మొదలయ్యేచోట కూర్చుని క్రాంపాన్లు కట్టుకోవాలి. లోపలి పల్చటి గ్లవ్స్‌తోనే పట్టీ లాగుతున్నా, నిమిషానికల్లా వేళ్లు కొయ్యబారాయి. బకిల్ బిగిసిందో లేదో వేళ్లకు తెలియడం లేదు. భువనగిరిలో కళ్లు మూసుకుని చేసిన సాధన ఇక్కడ పనికొచ్చింది. అచో-లే మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కరి పట్టీలూ తానే లాగి చూశాడు. తర్వాత అందరం ఒకే తాడుకు కట్టుకున్నాం. ముందు ఆయన, చివర సహాయక గైడ్.

ఆ వాలు ఎక్కడా నిలువుగా ఉండదు, కానీ అయిపోదు. అడుగు వేసి, వెనక కాలు మోకాలు బిగించి, బరువంతా ఎముక మీద నిలిపి, ఒక ఊపిరి. మళ్లీ అడుగు. 5,800 దాటాక ఒక అడుగుకు రెండు ఊపిర్లు, ఆపైన మూడు. పైకి చూడొద్దని ముందే చెప్పారు. నేను చిన్నప్పుడు అమ్మ చెప్పించిన విష్ణుసహస్రనామం మొదలుపెట్టాను, నామానికో అడుగు. భక్తి కంటే లయ కోసం అనాలి, కానీ కొంతసేపటికి రెండూ కలిసిపోయాయి. తాడు ఎక్కడా బిగుసుకోకుండా, ఎక్కడా వదులవకుండా అందరి అడుగూ ఒకటే అయిన ఆ గంట నాకు శిఖరం కన్నా ఇష్టం.

తెల్లవారుతుంటే జంస్కార్ వైపు శిఖరాల మీద ముందు గులాబీ రంగు, తర్వాత బంగారం. చలి మాత్రం అప్పుడే ఎక్కువైంది. బెంగళూరు నుంచి వచ్చిన అక్క ఒకావిడ కాలివేళ్లు తెలియడం లేదంది. అక్కడే ఆపి, బూటు వదులు చేయించి, వేళ్లు కదిలించమని, కాలు ముందుకూ వెనక్కూ ఊపమని అచో-లే పురమాయించాడు. స్పర్శ తిరిగి వచ్చిందని ఆవిడ చెప్పేదాకా కదలలేదు. తొమ్మిది గంటలకు ఎక్కడుంటే అక్కడి నుంచే వెనక్కి అని ఆయన ముందే గీత గీశాడు. ఎండెక్కితే మంచు మెత్తబడి కాలు దిగబడుతుంది, జారుడు పెరుగుతుంది. మేం ఎనిమిది దాటాక పైకి చేరాం.

పైన చిన్న గట్టు, గాలికి రెపరెపలాడే ప్రార్థన జెండాలు. ఉత్తరాన కారకోరం శ్రేణి, పక్కనే మొదటి కాంగ్ యాత్సే పదునుగా. అచో-లే జేబులోంచి కొత్త జెండాల దండ తీసి కట్టి, చేతులు జోడించాడు. అమ్మ అడిగిన గుడి ఇక్కడ ఇదే అనుకుని నేనూ జోడించాను. మనసులో మల్లి మస్తాన్‌బాబు మెదిలాడు. నెల్లూరు జిల్లాలో పుట్టి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కి, 2015లో ఆండీస్‌లో ప్రాణం వదిలిన మనిషి. నేను ఎక్కిన దానికీ ఆయన ఎక్కిన వాటికీ పోలికే లేదు. అయినా ఆ చోట ఒక తెలుగువాడి పేరు తలచుకోవాలనిపించింది.

పది పదిహేను నిమిషాలకే దిగమన్నారు. దిగేటప్పుడు వరస తిరగబడుతుంది: అనుభవం ఎక్కువ ఉన్నవాడు పైన, అంటే చివర ఉంటాడు. కింద ఎవరు జారినా పట్టి నిలపాల్సింది ఆయనే. క్రాంపాన్ల కింద తడిమంచు ముద్దలు కడుతుంటే అడుగడుగుకూ యాక్స్ కర్రతో కొట్టి రాల్చుకున్నాం. ఒళ్లు అలిసి, పని అయిపోయిందని మనసు వదులయ్యే వేళ అది. అందుకే ఆ దారంతా ఆయన మాతో మాట్లాడుతూనే ఉన్నాడు.

మర్నాడు కొంగ్‌మారు లా కనుమ దాటి, ఇరుకైన లోయ గుండా చోగ్డో వైపు దిగాం. బయలుదేరేముందు మా చెత్త అంతా గోనెసంచుల్లో కట్టి గుర్రాల మీద వేశారు. బేస్ క్యాంప్ చుట్టుపక్కల వేరేవాళ్లు వదిలిన టిష్యూలు, బిస్కట్ కవర్లు, గ్యాస్ డబ్బాలు ఏరితే ఇంకో సంచి నిండింది. ఆ మంచు కరిగి పారేది నేను పిండి నొక్కిన ఇంటి ముందునుంచే. అది తలచుకుంటే కడుపు రగిలిపోయింది. ఊళ్లు దీన్ని కూడా మూసేస్తే తప్పు పట్టడానికి మనకు నోరుండదు. పైకి వెళ్లేవాళ్లు తమ టిష్యూ కూడా తామే జిప్ కవర్లో తిరిగి తెచ్చుకోవాలి. అది చెప్పని ఏజెన్సీకి డబ్బు కట్టొద్దు.

మా పక్క బ్రాంచి మేనేజరుగారి అమ్మాయి వచ్చే ఆగస్టుకు వెళ్తానంటూ తన ప్లాన్ తెచ్చి చూపించింది. లేహ్‌లో ఒక్క రాత్రి, నిమాలింగ్‌లో ఒక్క రాత్రి, వాతావరణం చెడితే వాడుకోవడానికి అదనపు రోజు లేదు. గైడ్ దగ్గర ఆక్సిజన్ సిలిండర్ ఉంటుందా, దించడానికి గుర్రం బేస్ క్యాంప్‌లోనే ఉంచుతారా, ఇన్సూరెన్స్ ఎన్ని మీటర్ల ఎత్తు వరకు చెల్లుతుంది అన్న ప్రశ్నలు రాసిచ్చి, ఇంకో మూడు రోజులు కలపమని అడగమన్నాను. వాళ్లు రెండు ఇస్తాం, మూడోదానికి డబ్బు అదనం అన్నారట. ఆ మూడో రోజు డబ్బు ఎలా సర్దాలో ఈ ఆదివారం ముగ్గురం కూర్చుని చూడబోతున్నాం. ఈలోగా ఆమెను రక్తపరీక్షకు పంపించాను.